ఒక్కరే ఉన్న తరగతి

యూనివర్సిటీ మహిళా హాస్టల్, కర్నూలు
12 నవంబరు 2023

ఓబుళేశు మామకు,

యామిని రాస్తున్నాను. మీకు ఫోన్లో చెబితే ఏమవుతుందో మొన్న చూశాం. నేను హాస్టల్లో చేరానన్నాను, మీరు హాస్పిటల్లో అని విన్నారు, కృష్ణవేణి అత్త కంగారుగా బయల్దేరి కడప బస్టాండు దాకా వచ్చేసింది. అందుకే మీరు చెప్పినట్టు ఇకమీదట ఉత్తరాలే. క్యాంపసు పోస్టాఫీసులో ఇన్‌ల్యాండ్ లెటర్ అడిగితే అక్కడాయన కళ్ళద్దాలు పైకి తోసి నన్నొకసారి చూసి ఇచ్చాడు.

ఎమ్మెస్సీ జియాలజీలో ఎనిమిది మందిమి చేరాం. నా గదిలో ఆత్మకూరు అమ్మాయి నిస్సీ ఉంది. తనదీ నా క్లాసే. స్నానాలగదిలో కూడా చర్చి కీర్తనలు పాడుతుంది, గొంతు బాగుంటుంది కాబట్టి ఎవరూ ఏమీ అనరు. విభాగం హెడ్డు జయకుమార్ సార్. మీ శిష్యుడినని మొదటిరోజే క్లాసులో చెప్పుకున్నాడు. "ఓబుళేశు సార్ మేనకోడలివా? అట్లయితే నువ్వు తప్పు రాస్తే చెడ్డపేరు నాకొస్తాది" అన్నాడు నాతో.

నాన్న సంగతి మీకు తెలిసిందే. తోటలో పని ఆపుకుని బనగానపల్లె నుంచి నా పెట్టె మోసుకొచ్చాడు. విభాగం బోర్డు పైనుంచి కిందిదాకా చదివి, "రాళ్ళు చదివేదానికి ఇంత పెద్ద బిల్డింగా" అని మాత్రం అని బస్సెక్కాడు. మీ మాట మీద పంపాడు గానీ ఇష్టపడి కాదు.

మెట్ల దగ్గర గోడకు పాత ఫోటో ఒకటి ఉంది. అందులో బెల్‌బాటం ప్యాంటు వేసుకుని సుత్తి పట్టుకున్నది మీరేనా? ఈ విభాగం ఎట్లా మొదలైందో రాయండి. ఇక్కడ అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు.

అత్తకు నమస్కారాలు.
మీ యామిని


కడప
27 నవంబరు 2023

అమ్మా యామినీ,

బెల్‌బాటం నేనే. అప్పట్లో అందరం అట్లే ఉండేవాళ్ళం. మీ అత్త ఇప్పుడు నవ్వాల్సిన పని లేదు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. అప్పటికి కర్నూలుకు యూనివర్సిటీ లేదు. వేరే ఊళ్ళో ఉన్న పాత యూనివర్సిటీ ఇక్కడొక పి.జి. సెంటరు తెరిచింది. తెరిచిందే తప్ప దానికి గోడలు లేవు. పాతబస్తీలో ఒక బియ్యం మిల్లు పైఅంతస్తు బాడుగకు తీసుకున్నారు. కింద మిల్లు ఆడుతుంటే పైన నేలంతా అదిరేది. సూక్ష్మదర్శినిలో రాతిముక్క చూడాలంటే గింజలన్నీ తేళ్ళలాగా పరుగెత్తేవి. అందుకని కరెంటు పోయినప్పుడు ప్రాక్టికల్ క్లాసులు పెట్టుకున్నాం. కరెంటు పోతే మిల్లు ఆగేది, మేం సూక్ష్మదర్శినులను కిటికీ దగ్గరికి మోసుకెళ్ళి అద్దంతో ఎండను పట్టేవాళ్ళం. ఊరంతా కరెంటు పోయిందని తిట్టుకుంటుంటే మేం మెట్ల మీద పరుగెత్తేవాళ్ళం.

నమూనాలు కొనడానికి నిధులు లేవు. నేనూ పిల్లలూ ఊళ్ళ వెంట తిరిగి రాళ్ళు గోనెసంచుల్లో వేసుకుని ఆర్టీసీ బస్సులో తెచ్చేవాళ్ళం. ఒకసారి కండక్టరు, "ఏమప్పా, సంచిలో ఏముండాది?" అన్నాడు. రాళ్ళన్నాను. "అన్ని రాళ్ళా? ఎవర్ని కొట్టేకి పోతాండారు?" అని బస్సును నేరుగా పోలీసు స్టేషనుకు తిప్పించాడు. ఎస్సై రాళ్ళన్నీ బల్ల మీద పరిపించి ఒక్కోదాని పేరూ అడిగాడు. అన్నింటికీ చెప్పాక టీ తెప్పించి పంపాడు. నా జీవితంలో అంత కఠినమైన వైవా మరొకటి లేదు.

ఆ తర్వాత ఊరి బయట గుట్ట కింద స్థలం ఇచ్చారు. సాగుకు పనికిరాదు గనక చదువుకు ఇచ్చారు. మిగతా విభాగాల వాళ్ళు చెట్టు లేదు, నీళ్ళు లేవని గొణిగారు. మాకు మాత్రం గేటు దాటగానే పాఠమే.

బాగా చదువు. జయకుమార్ మంచివాడే, కాకపోతే మొదటినుంచీ నోరు పెగలని మనిషి.

మీ మామ
ఓబుళేశు


యూనివర్సిటీ మహిళా హాస్టల్, కర్నూలు
18 ఫిబ్రవరి 2024

మామకు,

మీ బియ్యం మిల్లు సంగతి క్లాసులో చదివి వినిపిద్దామనుకున్నాను. వినడానికి మనుషులు తగ్గుతున్నారు.

ముగ్గురు మొదటి సెమిస్టరు పరీక్షలకే రాలేదు. ఏసుకుమార్ అని ఒకతను వెళ్ళిపోతూ ఉన్నమాట చెప్పాడు. "కర్నూల్లో రూము బాడుగ కట్టి పోలీసు పరీక్షకు చదివే స్తోమత మాకు యాడుండాది? ఈడ చేరితే మంచం దొరికె, లైబ్రరీ దొరికె. జియాలజీ మీద నాకేం కోపం లేదు." నిజమే మామా, సాయంత్రం లైబ్రరీకి వెళితే కూర్చోవడానికి చోటుండదు. అందరి ముందూ పోటీ పరీక్షల పుస్తకాలే. వాళ్ళు ఏ విభాగం పిల్లలో వాళ్ళే గుర్తు తెచ్చుకోవాలి.

పోయిన వారం రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. పిల్లలు తక్కువగా ఉన్న కోర్సులను వచ్చే ఏడు ఆపేస్తారట, మాలాంటి వాళ్ళను పర్యావరణ శాస్త్రంలో కలుపుతారట. అటెండరు దాన్ని క్లాసు మధ్యలో తెచ్చి ఇచ్చాడు. జయకుమార్ సార్ చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, "నిన్న అభ్రకం దగ్గర కదా ఆపినాము" అని పాఠం మొదలుపెట్టాడు. సర్క్యులర్లో ఏముందో మాకు ఆఫీసు గుమాస్తా చెబితే తెలిసింది.

నాన్న నా కోసం ఏదో చూస్తున్నాడని అమ్మ ఫోన్లో అంది. ఏమిటో సెలవులకు వెళ్ళాక గానీ తెలియదు.

మీ యామిని


కడప
5 మార్చి 2024

యామినీ,

జేబులో పెట్టుకున్నాడా? ఒక విభాగం మూసేస్తామని కాగితం వస్తే, దాని హెడ్డు చేసే పని అదేనా? నేను పాఠం చెప్పిన పిల్లాడేనా వీడు అనిపించింది. ఆ విభాగం కోసం మేం గోనెసంచులు మోశామమ్మా.

నేను ఊరికే కూర్చోలేదు. వైస్ ఛాన్సలర్‌కు నాలుగు పేజీల విజ్ఞప్తి రాశాను. విభాగం చరిత్ర అంతా చెప్పి, చివర నీ గురించి రాశాను. పేద రైతు ఇంట్లో పుట్టి, ఎన్నో అడ్డంకులు దాటుకుని, ఈ శాస్త్రం మీద ఇష్టంతో వచ్చిన ఆడపిల్లను నడిదారిలో దించేయడం న్యాయమా అని అడిగాను. నకలు ఒకటి పత్రికలో తెలిసినాయనకు ఇచ్చాను. అతను బాగా స్పందించాడు.

మీ నాన్నకు కూడా ఒక కార్డు రాశాను. పిల్ల చదువు సగంలో ఉండగా పెళ్ళి సంబంధాలు చూడవద్దని గట్టిగానే చెప్పాను. మీ అమ్మ తనూజ నాకు చెల్లెలు గనక ఆమాత్రం అనే చనువు నాకుంది.

నువ్వు దేనికీ దిగులు పడొద్దు.

మామ


బనగానపల్లె
2 ఏప్రిల్ 2024

మామకు,

సెలవులకు ఇంటికి వచ్చి రాస్తున్నాను. నాలుగు రోజులు ఆగి రాస్తే మాటలు పద్ధతిగా ఉంటాయని ఆగాను.

నాన్న పెళ్ళి సంబంధాలు చూడలేదు. పోస్టల్ డిపార్టుమెంటులో గ్రామీణ ఉద్యోగాలు పడతాయని, పదో తరగతి మార్కులతోనే ఇస్తారని విని, ఎప్పుడు పడతాయో వాకబు చేస్తున్నాడు. ఆయన చూసింది అది. మీ కార్డు పోస్ట్‌మన్ అందరి ముందూ తెచ్చి ఇచ్చాడు. దానికంటే ముందు పత్రికలో వచ్చింది. "ఒక పేద విద్యార్థిని ఆవేదన" అని పైన పెద్ద అక్షరాలు, పక్కన మీ చేతిరాత పేజీ ఫోటో, కింద నా పేరు, మా ఊరి పేరు. నాన్న టీ అంగట్లో చదివాడు. ఇంటికొచ్చి, "మనము పేదోళ్ళమంట. తోట ఉండాదని మీ మామకు తెలీదా?" అని అడిగి అన్నం తినకుండా పడుకున్నాడు. నాకు ఏ అడ్డంకులూ రాలేదు మామా. బస్సెక్కి వచ్చి చేరాను. ఆ నాలుగు పేజీల్లో ఉన్న అమ్మాయి ఎవరో నాకు తెలియదు.

జయకుమార్ సార్ విషయం కూడా మీరు అనుకున్నట్టు లేదు. సర్క్యులర్ వచ్చిన రోజు సాయంత్రం నుంచే ఆయన రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. మేం బెదిరిపోయి వేరే కోర్సులకు వెళ్ళిపోతామని మాకు చెప్పలేదు. పత్రికలో వచ్చాక ఆయనకు మెమో ఇచ్చారు. విద్యార్థుల వివరాలు బయటికి ఎవరు పంపారో చెప్పమని. నేను వెళ్ళి, రాసింది మా మామ అని ఒప్పుకున్నాను. "సార్‌ది చేతిరాత చూస్తేనే తెలిసిపాయె. శానా రోజులకు చూసినా" అన్నాడు. మీ మీద ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నిస్సీ బి.ఎడ్.లో చేరడానికి వెళ్ళిపోతోంది. మిగతా వాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు సర్దుకుంటున్నారు. ఇక నా గురించి ఎవరికీ ఏమీ రాయవద్దని అడుగుతున్నాను.

యామిని


కడప
20 ఏప్రిల్ 2024

యామినికి,

నీ ఉత్తరం అందింది. జయకుమార్‌కు విడిగా రాశాను. మీ నాన్నకు మీ అత్త చేత ఫోను చేయించాను. నాకు వినపడి ఉంటే నేనే మాట్లాడేవాణ్ణి.

ఒక్క విషయం. ఆ సెంటరు సొంత యూనివర్సిటీ అయిన ఏడు, అక్కడ పనిచేసే మమ్మల్నందరినీ ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఇష్టమైతే పాత యూనివర్సిటీకి తిరిగి పోవచ్చు, లేదా గుట్ట కింద కొత్తదాంట్లో ఉండిపోవచ్చు. పాతదానికి పేరుంది, చెట్లున్నాయి, క్వార్టర్లున్నాయి. నా తోటివాళ్ళు చాలామంది పోయారు. నేను ఉండిపోయాను. మీ అత్త కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. అట్లా ఉండిపోయిన చోటు మూతపడుతుందంటే చెయ్యి ఊరుకోలేదు. అంతే.

ఇకమీదట ఆ యూనివర్సిటీ విషయాల్లో నేను వేలు పెట్టను.

ఓబుళేశు


యూనివర్సిటీ మహిళా హాస్టల్, కర్నూలు
8 సెప్టెంబరు 2024

మామకు,

మీరు రాయలేదు, నేనూ రాయలేదు. మీకు నా మీద కోపమని నేను, నాకు మీ మీద కోపమని మీరు అనుకుంటున్నామని అత్త చెప్పింది. ఇక్కడ చాలా జరిగింది కాబట్టి ముందు నేనే రాస్తున్నాను.

మీ విజ్ఞప్తి వృథా కాలేదు. పాలకమండలి సమావేశంలో దాన్ని చదివారట. ఇప్పుడున్న విద్యార్థులు కోర్సు ముగించే వరకు విభాగాన్ని ఉంచాలని తీర్మానం చేశారు. "విద్యార్థులు" అంటే నేనే. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. ఈ ఏడు మొదటి సంవత్సరంలో ఒక్కరూ చేరలేదు. కోర్సు ఎంచుకునే జాబితాలో మా పేరు చివర ఎక్కడో పెట్టారు.

జయకుమార్ సార్ ఇప్పటికీ రోజూ హాజరు పిలుస్తాడు. రిజిస్టరు తెరిచి, "యామిని" అంటాడు. నేను లేచి నిలబడి "ప్రెజెంట్ సార్" అంటాను. పాఠం చెప్పేటప్పుడు ఖాళీ బెంచీలను కూడా ఒకసారి చూస్తాడు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు నాకు జ్వరమొస్తే విభాగానికి సెలవు. నేను ఆలస్యంగా లేస్తే అటెండరు హాస్టల్ గేటు దగ్గరికి వచ్చి నిలబడతాడు. పాఠాలు మాత్రం ఇంత బాగా నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. బేతంచెర్ల గనుల దగ్గరికి ఆయన బండి మీదే వెళ్ళొచ్చాం.

అసలు విషయం ఇది. నాన్న పెట్టించిన దరఖాస్తుకు పిలుపు వచ్చింది. ఆలూరు అవతల ఒక ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరు. ఆ ఊళ్ళోనే ఉండాలి. ఈ నెలాఖరులోగా చేరాలి. నాన్న గట్టిగా ఏమీ అనడం లేదు. "నీ ఇష్టము. రెండూ ప్రభుత్వానివే, ఒకటి నువ్వు కట్టాల, ఒకటి నీకు ఇస్తారు" అన్నాడు.

జయకుమార్ సార్‌కు చెప్పాను. "పోమ్మా, ఉద్యోగంలో చేరు. పేరు మాత్రం ఈడ ఉండనీ. హాజరు నేను చూసుకుంటా, పరీక్షలకు వచ్చి రాసిపో. రెండు సెమిస్టర్లే కదా" అన్నాడు. ఆయన అట్లా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మీరు ఏం చేయమంటారు?

మీ యామిని


కడప
14 సెప్టెంబరు 2024

అమ్మా యామినీ,

నీ ఉత్తరం చూసి మనసు కుదుటపడింది.

జయకుమార్ చెప్పినట్టు చెయ్యి. ఉద్యోగం వదలొద్దు, పేరు తీయించొద్దు. ఇది నేను చెప్పవలసిన మాట కాదని నాకు తెలుసు. హాజరు తక్కువైందని మంత్రిగారి బంధువును కూడా పరీక్ష రాయనివ్వలేదు నేను. కానీ ఇప్పుడు సంగతి వేరు. నువ్వు ఉన్నంతకాలం బోర్డు ఉంటుంది. బోర్డు ఉంటే వచ్చే ఏడు ఎవరైనా చేరవచ్చు. ఒకసారి మూసినదాన్ని మళ్ళీ తెరిచిన యూనివర్సిటీని నేను చూడలేదు.

ఎవరికీ నష్టం లేదు కదా. చదవగల పిల్లవి, ఇంట్లో చదువుకుని రాస్తావు. పుస్తకాలు నేను పంపిస్తాను.

మీ మామ


కర్నూలు
29 సెప్టెంబరు 2024

మామకు,

నేను టి.సి. తీసుకున్నాను. రేపు ఆలూరు బస్సెక్కుతున్నాను.

ఆ దొంగ హాజరు మీరు వద్దంటారనుకున్నాను. నిజం చెప్పాలంటే, మీరు వద్దు అంటే చదువే కొనసాగిద్దామని మనసులో అనుకుని మీకు రాశాను. మీ ఉత్తరం చదివాక ఆ తోవ మూసుకుపోయింది. మీరు, జయకుమార్ సార్, ఇద్దరూ అబద్ధం ఆడని మనుషులు. నా పేరు కోసం ఇద్దరూ ఆడటానికి సిద్ధపడ్డారు. రేపు నేను పోస్టాఫీసులో కూర్చుని ముసలివాళ్ళ వేలిముద్రలు వేయించి వాళ్ళ సొమ్ము వాళ్ళకు ఇవ్వాలి. అదే రోజు కర్నూలు రిజిస్టరులో నేను బెంచీ మీద ఉన్నట్టు రాసి ఉంటే నాకు నిద్ర పట్టదు. ఇంకొకటి కూడా ఉంది. నేను విభాగాన్ని కాదు మామా, విద్యార్థిని. ఈ ఏడాదంతా అందరూ నన్ను చూసి గోడను చూసినట్టు చూశారు, ఉందా పడిందా అని.

చివరిరోజు సంగతి చెప్పాలి కదా. టి.సి. కాగితం మీద హెడ్డు సంతకం కావాలి. జయకుమార్ సార్ కలం తీసి, "ఇంకోసారి ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించుకున్నానన్నాను. "సార్‌కు చెప్పినావా?" అన్నాడు. ఉత్తరం రాస్తానన్నాను. సంతకం పెట్టాడు. నేను వెళ్ళబోతుంటే, "పీరియడు ఇంకా అయిపోలే, కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. గంట కొట్టేవరకు పాఠం చెప్పాడు. నేను నోట్సు రాసుకున్నాను. ఆయన్ను పర్యావరణ శాస్త్రానికి వేస్తున్నారు. అక్కడ పిల్లలు నలభై మంది ఉన్నారట.

మీకు బాధ కలుగుతుందని తెలుసు. తెలిసే చేశాను.

మీ యామిని


కడప
24 నవంబరు 2024

యామినీ,

రెండు నెలలు నీ మీద కోపంగా ఉన్నాను. దాచడం దేనికి? మీ అత్త మాత్రం, "పిల్ల చేసింది రైటు, నువ్వు చెప్పింది తప్పు, ఇంక ఆ మొగం మార్చు" అంది. మొహం మారడానికి ఇంతకాలం పట్టింది.

మొన్న కర్నూలు వెళ్ళాను. బోర్డు తీసేశారు. మేడ మీద గదుల్లో ఇప్పుడు పరీక్షల విభాగం వాళ్ళున్నారు. నమూనాలను జయకుమార్ అలమరాలతో సహా తన కొత్త గదికి మోయించుకున్నాడు. పర్యావరణం పిల్లలకు వాటితో ఏం పనని ఎవరో అడిగితే, "పర్యావరణం దేనిమీద నిలబడి ఉండాది మరి?" అన్నాడట. వాడికి నోరు పెగలదని రాశాను కదా, ఆ మాట కొట్టేయి. ఇద్దరం క్యాంటీన్లో టీ తాగాం. నేను వాడికి చెప్పాల్సింది చెప్పాను, వాడు విన్నాడు.

గుట్ట చుట్టూ చెట్లు బాగా పెరిగాయి. కొత్తగా ఏవేవో భవనాలు కట్టారు. పిల్లలు గుంపులుగా తిరుగుతున్నారు. మా విభాగం లేకపోయినా యూనివర్సిటీ ఏమీ ఆగిపోలేదు. అది చూసి సంతోషించాలో ఏం చేయాలో తేల్చుకోలేక బస్సెక్కాను.

ఇంటికొచ్చి అటక మీది కాగితాలు దించితే ఆలూరు వైపు నేను గీసిన పటం కనిపించింది. పి.హెచ్.డి. కోసం ఎండలో తిరిగి గీశాను. నీ ఊరు అందులో ఉంది. నకలు తీయించి పంపుతున్నాను. అవసరం ఉందని కాదు. ఉన్న ఊరి కింద ఏముందో తెలుసుకుని ఉంటే ఊరు పరాయిదనిపించదు.

మామ


ఆలూరు మండలం
2 ఫిబ్రవరి 2025

మామకు,

మీ పటం గోడకు అంటించాను. పోస్టాఫీసంటే ఒక గది. నేనూ, ఒక బల్లా, ఒక తూకం, వేలిముద్ర యంత్రం. ఇక్కడివాళ్ళు పొద్దున్నే వచ్చి, "దుడ్లు వచ్చిండాయేమ్మా?" అని డబ్బుల కోసం అడుగుతారు. నా భాష విని మొదట నవ్వారు, ఇప్పుడు వాళ్ళ మాటలే నాకు వస్తున్నాయి. కవరు మీది ముద్ర చూడండి, నేనే వేశాను. వంకరగా పడింది.

మీరు సంతోషించాలో వద్దో తెలియని విషయం ఒకటి చెబుతాను.

ఊరికి పడమర నల్లరాళ్ళ గుట్ట ఉంది కదా. పాత రాతి పగుల్లోకి కింది నుంచి కరిగిన రాయి ఎగదన్ని గోడలాగా గడ్డకట్టిందని మీ పటంలో నల్లగీతగా చూపించారు. ఆ గీతను వంక ఒడ్డున ఆపేశారు. అవతల అంతా నల్లరేగడి చేలు, పైకి ఏమీ కనిపించదు. పోయిన వారం ఉపాధి హామీ పనికి వెళ్ళే ఆడవాళ్ళు కూలి డబ్బులకు వచ్చి తిట్టుకుంటున్నారు. వంక అవతల చేలో నీటికుంట తవ్వుతుంటే, "నల్లరాయి తగిలింది తల్లీ, గడ్డపార దిగేదే లేదు" అన్నారు. ఎక్కడ అని అడిగి, ఆదివారం వాళ్ళతోపాటు వెళ్ళాను.

నిలువు లోతు తవ్వారు. మట్టి తుడిచి చూశాను. నల్లరాయి, అంచున గింజ సన్నగా, నడుమకు వచ్చేకొద్దీ ముతకగా ఉంది. ఇరుపక్కలా లేత ఎరుపు పాత రాయి. గుట్ట దిక్కూ దీని దిక్కూ ఒకటే. ఒకామె నన్ను చూసి, "ఏమి యెతుకుతాండావమ్మా, వజ్రాలా?" అంది. కాదు, మా మామ గీత, అన్నాను. ఆమెకు అర్థం కాలేదు గానీ పార పక్కన పెట్టి ఇంకొంచెం మట్టి లాగింది.

మీ గీత వంక దగ్గర ఆగలేదు మామా. అవతలికి పోయింది. ఎంత దూరం పోయిందో ఇంకా తెలియదు.

మోకాళ్ళు ఒప్పుకుంటే రండి, చూద్దురు గానీ. ఆలూరులో దిగితే ఆటోలుంటాయి. రాలేకపోతే పటం మీద పెన్సిలుతో నేనే గీస్తాను.

మీ యామిని